ఏడాది నిండకున్నా సెలవు హక్కే

పద్మపూర్ పరిసర గ్రామాల యువకులు రాయగడకో, విశాఖపట్నానికో వెళ్లి కర్మాగారాలలో ఏడాది నడుమ చేరుతుంటారు. పొలం పనుల వేళకు మానుకుంటుంటారు. "ఏడాది నిండలేదు గనుక సెలవు లేదు" అన్న గుత్తేదారు మాటను నమ్మి ఊరుకుంటారు. ఆ మాట చట్టసమ్మతం కాదు.

1948 నాటి కర్మాగారాల చట్టం వేతనంతో కూడిన సెలవుకు ఏడాదిలో 240 పనిదినాలు కోరేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ దానిని 180కి తగ్గించింది. ప్రతి 20 పనిదినాలకు ఒక దినం సెలవు అన్న కొలత మాత్రం మారలేదు.

జనవరి 1 తరువాత చేరినవారు, ఆ ఏడాదిలో మిగిలిన దినాలలో నాలుగో వంతు పనిచేస్తే చాలును. పాత చట్టం మూడింట రెండు వంతులు కోరేది. జూలై 1న చేరినవానికి మిగిలినవి 184 దినాలు. నాలుగో వంతు 46. అతడు 130 దినాలు పనిచేసెననుకొందము. 20తో భాగించగా ఆరున్నర. ఆ కొలత మేరకు అతనికి సెలవు రావలెను.

నడుమ మానుకున్నా హక్కు పోదు. 100 దినాలు పనిచేసి, సెలవు వాడుకోక మానుకున్నవానికి ఐదు దినాల వేతనం రెండవ పనిదినం ముగియకముందే చెల్లించవలెను.

ఇది కేంద్ర చట్టం. సరిహద్దుకు ఇరువైపులా ఒకటే. అయితే లెక్కకు ఆధారం హాజరు. పనికి వెళ్లిన ప్రతి దినాన్ని ఇంటి క్యాలెండరుపై గుర్తించుకొనుడు. వేతన చీటీలను భద్రపరచుకొనుడు.