అమ్మేది ఆవకాయా, ఆశా?

మాది తెనాలి. మా అమ్మ పెట్టే ఆవకాయను ఆన్‌లైన్‌లో అమ్ముదామని మూడేళ్ల క్రితం దిగాను. ముందు కొన్నది జాడీలు కాదు, ‘ఇంట్లో కూర్చుని నెలకు లక్ష’ అనే కోర్సు. 4,999 రూపాయలు. నెల తిరిగేసరికి తెలిసింది: ఆ గురువుగారి అసలు వ్యాపారం నాలాంటివాళ్లకు కోర్సులు అమ్మడమేనని.

అసలు పాఠం చెప్పింది నా లెక్కల పుస్తకం. కిలో ఆవకాయ 600. సరుకు, డబ్బా, కొరియర్ కలిపి 320. మిగిలేది 280. ఫేస్‌బుక్ ప్రకటనకు 1,200 పెడితే నాలుగు ఆర్డర్లొచ్చాయి. అంటే తలకు 300. కిలోకి ఇరవై చొప్పున చేతిచమురు వదిలింది! అదే మనిషి రెండోసారి అడిగితే ప్రకటన ఖర్చుండదు, 280 మనదే. కాబట్టి బేరం నిలిచేది లైకుల మీద కాదు, మళ్లీ అడిగే నాలుక మీద. ‘ఈసారి ఉప్పెక్కువైందమ్మాయ్’ అని వాట్సాప్‌లో చెప్పిన పెద్దావిడే నాకు నిజమైన గురువు.

ఇక ఆ కోర్సుల ప్రకటనల సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. కొన్ని సివిల్స్ కోచింగ్ కేంద్రాలకు ఆ వాత ఇప్పటికే పడింది. ‘నెలకు లక్ష’ గురువులనూ వదలకూడదు. వాళ్లను ఒక్కటే అడగాలి: మీ ఆదాయంలో కోర్సులమ్మగా వచ్చిందెంత, మీరు నేర్పే వ్యాపారం చేసి సంపాదించిందెంత?

జవాబు చెప్పలేనివాడికి ఫీజు కట్టొద్దు. ఆ డబ్బుతో మంచి నువ్వుల నూనె కొనుక్కోండి.