నెత్తురుకేనా గిరాకీ?

పిల్లాడు ఫోన్ పట్టుకుని ఢాం ఢాం అని కాలుస్తుంటే ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. 'నెత్తురు చూపించందే ఈ కంపెనీలకు డబ్బు రాదు కాబోలు' అనుకుంటాం. ఆ మాట ఎంతవరకు నిజమో ఒకసారి చూద్దాం.

నిజం కొంత ఉంది. 1993లో 'మోర్టల్ కాంబాట్' అనే కొట్లాట ఆట అమెరికాలో ఇళ్లలోకి వచ్చింది. నింటెండో వాళ్లు అందులో నెత్తురు తీసేసి చెమటగా మార్చారు. సెగా వాళ్లు మాత్రం కొన్ని మీటలు వరసగా నొక్కితే నెత్తురు కనబడే ఏర్పాటు చేశారు. సెగా వాళ్లదే ఎక్కువ అమ్ముడుపోయింది. పెద్ద గొడవై ఆ డిసెంబరులో సెనేట్ విచారణ జరిగింది. 1994లో ఆటల డబ్బాలపై ఏ వయసువారికి తగినవో ముద్ర వేసే పద్ధతి వచ్చింది. అదే ఏడాది రెండో భాగంలో నింటెండో కూడా నెత్తురు ఉంచేసింది!

మరి రెండోవైపో? ఇల్లు సర్దుకుని సంసారం నడుపుకునే 'ది సిమ్స్' 2000లో వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి అప్పటిదాకా అత్యధికంగా అమ్ముడైన కంప్యూటర్ ఆటగా పేరు తెచ్చుకుంది. ఆడవాళ్లు దాన్ని ఎంతో ఇష్టంగా ఆడారు. దిమ్మెలు పేర్చి ఊళ్లు కట్టుకునే 'మైన్‌క్రాఫ్ట్' 2023 నాటికి 30 కోట్ల ప్రతులు దాటింది. నెత్తురే సరుకైతే ఇవెలా అమ్ముడుపోయినట్టు?

2009లో రోచెస్టర్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధనలో ఒకే ఆటను రెండు రకాలుగా ఆడించారు. ఒకదాంట్లో శత్రువు నెత్తురోడుతూ పడిపోతాడు. రెండోదాంట్లో గాల్లోకి తేలి మాయమైపోతాడు. ఆడినవాళ్ల సరదాలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. 'నాకిది చేతనవుతుంది, నా ఇష్టప్రకారం నడుస్తోంది' అన్న తృప్తే వాళ్లను కూర్చోబెట్టింది.

నాకు తోచేదీ అదే. నెత్తురు దుకాణం ముందు రంగుల దీపం లాంటిది. గుమ్మం దాకా లాక్కొస్తుంది. లోపల కూర్చోబెట్టేది గెలుపు, స్నేహితుల జట్టు, 'ఇంకొక్కసారి' అన్న ఆశ.

అలాగని ఏడేళ్లవాడికి తుపాకీ ఆట ఇవ్వమని నేననడం లేదు. వయసు ముద్ర చూడాల్సిందే. కానీ నెత్తురు లేదు కదా అని నిశ్చింతగా ఉండటమూ పొరపాటే. మిఠాయిలు జత కలిపే 'క్యాండీ క్రష్'లో చుక్క నెత్తురు కనబడదు. అయినా ఓడిపోయి ప్రాణాలు అయిపోగానే, మళ్లీ ఆడాలంటే కాసేపు ఆగమంటుంది, లేదా డబ్బు కట్టమంటుంది. ఇవాళ ఊరికే దొరికే ఆటలు చాలావరకు ఇలాగే మన పర్సులో చెయ్యి పెడుతున్నాయి.

అందుకని పిల్లల్ని 'ఎంతమందిని చంపావురా?' అని దెప్పడం మాని, 'ఇందులో నీకేం బాగుంది? ఎవరితో ఆడుతున్నావు? డబ్బు ఎక్కడ అడుగుతోంది?' అని పక్కన కూర్చుని అడుగుదాం. ఈ ప్రశ్నలు మనమాడే ఆటలకూ వర్తిస్తాయి సుమా!