చుక్కాని పరీక్షించకుండా జూన్ 15న తాడు విప్పొద్దు

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల మరబోటు యజమానులకు, సరంగులకు, కలాసీలకు, మత్స్యకార సంఘాల పెద్దలకు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా వేట నిషేధం. ఈ 61 రోజుల్లో బోటుకు ఏమేం చేయిస్తామో మనందరికీ తెలుసు. ఒడ్డుకెక్కించి అడుగున పట్టిన గుల్ల గీకిస్తాం. చెక్కల సందులు పూడ్పిస్తాం, రంగు వేయిస్తాం. ఇంజను విప్పిస్తాం, వలలు బాగుచేసుకుంటాం. గడువు ముగిసే రాత్రికి ఐసు, డీజిలు ఎక్కించుకుని సిద్ధంగా కూర్చుంటాం. ఇంత పని జరిగినా వెనక డెక్కు కింద, వలల గుట్ట కింద, చీకట్లో ఉన్న ఒక సిలిండరు వైపు ఎవరూ తొంగిచూడరు. చుక్కానిని తిప్పేది అదే.

హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న ప్రతి బోటూ నిషేధ కాలంలో స్టీరింగ్ పరీక్ష పూర్తిచేయాలి. స్టీరింగ్ చచ్చిపోతే చుక్కానిని చేత్తో తిప్పే ఏర్పాటు ప్రతి బోటు మీదా ఉండాలి. ఈ రెండూ లేని బోటును జూన్ 15న సంఘమే రేవులో ఆపాలి. నేను హార్బర్లలో ఈ పని చేసే మెకానిక్‌ని. అడిగేది ఈ మాత్రమే.

గొలుసు, ఇనుప తాడుతో నడిచే పాత స్టీరింగ్‌లో ఒక మంచి గుణం ఉంది. తాడు పోగులు తెగడం కంటికి కనిపిస్తుంది, గొలుసు అరగడం చెవికి వినిపిస్తుంది. హైడ్రాలిక్ స్టీరింగ్ తిప్పడానికి తేలిక, చక్రం చేతిని కొట్టదు, అందుకే బోట్లు దానివైపు మళ్లుతున్నాయి. అది చెడేది మాత్రం చడీచప్పుడు లేకుండా. చక్రం వెనకున్న హెల్మ్ పంపు, రెండు పైపులు, చుక్కాని చేతికి బిగించిన సిలిండరు, వాటి నిండా ఆయిల్ – ఇంతే యంత్రం. చక్రం ఒకవైపు తిప్పితే ఆయిల్ ఒక పైపులోంచి వెళ్లి సిలిండరులోని పిస్టన్‌ను నెడుతుంది, అవతలి ఆయిల్ రెండో పైపులోంచి వెనక్కి వస్తుంది. ఆయిల్ నలగదు కాబట్టి తిప్పినంతా చుక్కానికి చేరుతుంది. గాలి నలుగుతుంది. పైపులో గాలి చేరితే మీరు తిప్పిన తిప్పుడులో కొంత ఆ గాలిని నొక్కడానికే పోతుంది. చక్రం మెత్తగా, స్పాంజిలా అనిపించడం అందుకే.

చాలామంది సరంగులు ఈ మెత్తదనానికి అలవాటు పడిపోతారు. ఇంకో అర తిప్పు ఎక్కువ తిప్పుకుంటూ నెట్టుకొస్తారు. ఆయిల్ తగ్గినప్పుడల్లా ఇంత పోస్తారు. ఆయిల్ తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందని అర్థం, కారే చోటే గాలి లోపలికి వచ్చే చోటు కూడా. దాన్ని వెతక్కుండా పైన పోస్తూ పోవడం మన రేవుల్లో నేను చూసిన అతి చెడ్డ అలవాటు. పోసేది కూడా ఏది చేతికందితే అది. బ్రేక్ ఆయిల్ పోసిన స్టీరింగ్‌లు కూడా నేను విప్పాను. హైడ్రాలిక్ సీళ్లకు వాడే రబ్బరు బ్రేక్ ఆయిల్‌కు ఉబ్బి మెత్తబడిపోతుంది. ఆపైన ఏ బిగింపూ ఆగదు. హెల్మ్ తయారుచేసిన కంపెనీ చెప్పిన నంబరు హైడ్రాలిక్ ఆయిల్ ఒక డబ్బా వీల్‌హౌస్‌లోనే పెట్టుకోండి. వేరే ఆయిల్ పోసే అవసరమే రాదు.

ఇక పరీక్ష. దీనికి ఇద్దరు మనుషులు, ఒక టార్చి, ఒక పొడిగుడ్డ చాలు.

ముందు చక్రాన్ని ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పి ఎన్ని తిప్పులు పట్టిందో లెక్కపెట్టండి. బోటు బాగున్నప్పటి లెక్కను వీల్‌హౌస్ గోడ మీద రంగుతో రాయించండి. తర్వాత ఎప్పుడు తిప్పులు పెరిగినా లోపల గాలి ఉందనో, ఆయిల్ సీలును దాటిపోతోందనో తెలుస్తుంది. రెండోది, చక్రాన్ని చివరిదాకా తిప్పి అదే వైపు గట్టిగా ఒత్తి పట్టుకోండి. చుక్కాని ఆగిపోయినా చక్రం మెల్లగా జారుతూనే ఉంటే సిలిండరులోని పిస్టన్ సీలు గానీ, హెల్మ్‌లోని వాల్వు గానీ ఆయిల్‌ను దాటనిస్తోంది. అదేదో ఊహించనక్కర్లేదు. సిలిండరు దగ్గర పైపులు విప్పి, హెల్మ్ వైపు చివరలకు ప్లగ్గులు బిగించి మళ్లీ ఒత్తండి. ఇంకా జారితే హెల్మ్‌దే తప్పు, ఆగితే సిలిండరుది. ఇంత తేలిక పరీక్ష చేయక, అనుమానం మీద హెల్మ్ మార్చేసి డబ్బు పోగొట్టుకున్న యజమానులు ఉన్నారు.

రెండో మనిషి ఈలోగా వెనక గదిలో టార్చి పట్టుకుని ఉండాలి. చక్రం అటూ ఇటూ తిప్పుతుంటే సిలిండరు పాదం బోల్టులు కదులుతున్నాయా, చుక్కాని చేతికి కలిపే పిన్ను అరిగి కొట్టుకుంటోందా చూడాలి. తడిలో నానిన చెక్కలో బోల్టులు వదులవడం నేను ఎక్కువగా చూసే లోపం. మెకానిక్కులు కూడా దాన్ని ఆయిల్ లోపం అనుకుని సీళ్లు మారుస్తారు. సిలిండరు కడ్డీని పొడిగుడ్డతో తుడవండి. గుడ్డకు ఆయిల్ చారలు అంటితే సీలు అరిగింది. కడ్డీ మీద వేలు నడిపితే గరుగ్గా గుంటలు తగిలితే అది ఉప్పు పని. ఆ కడ్డీ మార్చకుండా ఎన్ని కొత్త సీళ్లు వేసినా ఆ గుంటలు వాటిని కోసేస్తాయి. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. మొత్తం తీసేసి కొత్తది పోయాలి.

రబ్బరు పైపుల్లో పగుళ్లు, అంతకన్నా ముఖ్యంగా పైపును ఇనుప కొసకు నొక్కి బిగించిన చోట తుప్పు చూడండి. పైపు అక్కడే ఊడుతుంది. పైపు మీద తయారైన కాలం ముద్రించి ఉంటుంది. ఆరేళ్లు దాటిన పైపును, పైకి బాగున్నా, నేనైతే మార్చేస్తాను. కొత్త జాయింట్లకు ప్లంబింగ్ పనివాళ్లు వాడే తెల్ల టేపు చుట్టకండి. దాని పీలిక ఒకటి ఊడి హెల్మ్ వాల్వులో ఇరుక్కుంటే చక్రం జారడం మొదలవుతుంది. జాయింట్లకు పూసే ద్రవం సీలెంటు వాడండి.

ఏది విప్పినా చివర గాలి తీయాలి. ఈ పనిలో తొందరపడితే మొత్తం శ్రమ వృథా. హెల్మ్ ట్యాంకు నిండా ఆయిల్ ఉంచి, అది ఒక్క క్షణం కూడా అడుగంటకుండా ఒక మనిషి పోస్తూ ఉండాలి. చక్రాన్ని ఒకవైపు చివరిదాకా నెమ్మదిగా తిప్పుతుంటే వెనక మనిషి సిలిండరు నిపిల్ తెరిచి ఆయిల్‌ను సీసాలోకి వదలాలి. బుడగలు ఆగి ఆయిల్ తేటగా వచ్చాకే మూయాలి. తర్వాత రెండోవైపు అలాగే. మర్నాడు మళ్లీ ఒకసారి చేయాలి. రాత్రంతా ఆయిల్‌లో కరిగిపోయినట్టున్న సన్న బుడగలు పైకి చేరి ఉంటాయి.

ఇక ఎవరూ పట్టించుకోని సంగతి. సముద్రంలో పైపు పగిలి ఆయిల్ అంతా పోయిందనుకోండి. చుక్కాని కడ్డీ తలకు ఇనుప గొట్టం తగిలించి చేత్తో తిప్పుకోవచ్చని అందరూ చెబుతారు. మీ బోటు మీద ఆ గొట్టం ఉందా? ఉంటే ఆ తలకు సరిపోతుందా? ఎప్పుడైనా తగిలించి చూశారా? హెల్మ్ మాత్రమే చెడి, పైపుల్లో ఆయిల్ మిగిలే ఉంటే ఇంకో చిక్కు. ఆ ఆయిల్ సిలిండరును బిగబట్టి ఉంచుతుంది. పదిమంది పట్టుకుని లాగినా చుక్కాని కదలదు. అందుకే సిలిండరు దగ్గర రెండు పైపుల మధ్య ఒక చిన్న బైపాస్ వాల్వు ఉండాలి. అది తెరిస్తే ఆయిల్ ఒకవైపు నుంచి ఇంకోవైపుకు స్వేచ్ఛగా పోతుంది, గొట్టంతో చుక్కాని తిరుగుతుంది. ఈ వాల్వు లేని బోట్లే నాకు ఎక్కువ కనిపిస్తున్నాయి. అది పెట్టించేదాకా కనీసం సిలిండరును చుక్కాని చేతికి కలిపే పిన్ను చేత్తో ఊడేలా చూసుకోండి. ఊడదీసే ముందు ఇంజను వేగం తగ్గించి, చుక్కాని చేతిని రెండు వైపులా తాళ్లతో కట్టండి. అలకు స్వేచ్ఛగా కొట్టుకునే చుక్కాని మనిషి చెయ్యి విరిచేస్తుంది. ఆ గదికి దారి మీద వలలు పేర్చడం కూడా మానాలి. చీకట్లో, అలల్లో వలలు జరిపేంత వ్యవధి ఉండదు.

స్టీరింగ్ పోతే ఏమవుతుందో సముద్రం మీదికి వెళ్లేవాళ్లకు నేను చెప్పాలా? వల లాగుతుండగా పోతే వల తాళ్లే ఫ్యానులో చుట్టుకునే ప్రమాదం. విశాఖలో ఔటర్ హార్బర్ దాటేటప్పుడు పోతే ఎదురుగా పెద్ద ఓడలు. గిలకలదిండి దగ్గర పూడిక పడే ముఖద్వారంలో పోతే బోటు అలకు అడ్డం తిరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంట ప్రవాహం దక్షిణానికి లాగుతుంది. తుఫాన్లు వచ్చేదీ అప్పుడే. ఆ నెలల్లో చుక్కాని లేని బోటు ఎటు పోతుందో సరంగు చేతిలో ఉండదు.

పెద్ద ఓడలకు ఈ పాఠం చాలా ఖరీదుగా వచ్చింది. 1978 మార్చి 16న ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరం దగ్గర అమోకో కాడిజ్ అనే చమురు ఓడ స్టీరింగ్‌లో హైడ్రాలిక్ ఆయిల్ కారిపోయింది. ఓడ రాళ్లకెక్కి విరిగి, రెండు లక్షల టన్నులకు పైగా ముడిచమురు సముద్రం పాలైంది. ఆ తర్వాత చమురు ఓడల స్టీరింగ్ నియమాలను అంతర్జాతీయంగా బిగించారు. ఇవాళ సోలాస్ ఒప్పందం ప్రకారం పెద్ద ఓడ రేవు విడిచే ముందు 12 గంటల్లోపు స్టీరింగ్‌ను పరీక్షించాలి, మూడు నెలలకోసారి అత్యవసర స్టీరింగ్ అభ్యాసం చేయాలి. ఆ ఒప్పందంలోని ఈ నియమాలు మన చేపల బోట్లకు వర్తించవు. మన బోటు మీద ఉన్న ప్రాణాలు మాత్రం ఆ ఓడ మీదివాళ్ల ప్రాణాలంత విలువైనవే. చట్టం రాలేదు కాబట్టి మనమే పెట్టుకోవాలి.

కేంద్ర ప్రభుత్వం 2024లో లక్ష చేపల బోట్లకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం మొదలుపెట్టింది. మంచిదే, ప్రమాదంలో ఉన్న బోటు ఎక్కడుందో తెలుస్తుంది. అది చుక్కాని తిప్పదు. కోస్ట్‌గార్డు 1554 నంబరుకు, వీహెచ్‌ఎఫ్ 16వ ఛానెల్‌కు కబురు చేరినా వాళ్లు వచ్చేదాకా బోటును అలకు ఎదురుగా నిలపాల్సింది మనమే.

"నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకాలి?" అని కొందరు యజమానులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేను విప్పమనడం లేదు, పరీక్షించమంటున్నాను. పరీక్షలో నిలిచినదాన్ని ముట్టుకోవద్దు. "ఇంకో తనిఖీ అంటే ఇంకో ఆఫీసు చుట్టూ తిరగడమే" అన్నది రెండో మాట. అందుకే ఈ పరీక్ష అధికారుల చేతిలో పెట్టమనడం లేదు. ప్రతి రేవులో సంఘం ఇద్దరు మెకానిక్కులను, ఒక అనుభవమున్న సరంగును ఎంచుకుని నిషేధం మొదటి నెలలోనే బోట్లు చూడాలి. ఏ బోటు ఎప్పుడు చూశారో, ఏం దొరికిందో పుస్తకంలో రాయాలి. మత్స్యశాఖ లైసెన్సు పనులప్పుడు ఆ పుస్తకాన్ని ఒప్పుకుంటే చాలు. సీలు కిట్లు, పైపులు, సరైన ఆయిల్ సంఘమే టోకున కొని రేవులో ఉంచితే విడిగా కొనే భారం తగ్గుతుంది. ఒక ట్రిప్పు డీజిలు ఖర్చు ముందు సీలు కిట్టు ధర ఏపాటి? విశాఖలోనే సిఫ్‌నెట్ కేంద్రం ఉంది, బోటు ఇంజన్ల పని నేర్పే చోటు అది. నిషేధ కాలంలో మన సరంగులకు, కుర్ర మెకానిక్కులకు స్టీరింగ్ మీద రెండు రోజుల శిక్షణ పెట్టమని సంఘాలు కలిసి అర్జీ ఇవ్వాలి.

ఇంకొక్క సంగతి సంఘం పెద్దలకు ప్రత్యేకంగా. స్టీరింగ్ లోపం ముందు తెలిసేది సరంగుకే. బోటు తీయనంటే ఆ సీజనుకు పని పోతుందన్న భయంతో అతను నోరు మూసుకుని వెళ్తాడు, వెనక కలాసీలూ వెళ్తారు. పరీక్ష తప్పిన బోటు తీసుకెళ్లనన్న సరంగును ఏ యజమానీ పని నుంచి తీసెయ్యకూడదని ఈ నిషేధం ముగిసేలోపు సంఘం తీర్మానం చేయాలి. ఆ తీర్మానం కాగితం మీద రాసి, యజమానులందరి చేత సంతకాలు పెట్టించి, జెట్టీ దగ్గర అందరికీ కనిపించే చోట అంటించాలి.