సారంగధరుణ్ణి బ్రతికించకండి

ఉపాధ్యాయ మిత్రులకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. తెలుగు నాటకమంటే కోస్తా జిల్లాల సొత్తని మన బళ్లారి పిల్లలు అనుకొంటున్నారు. సారంగధరుని కథ రాజమహేంద్రవరానిదే, రాజరాజనరేంద్రుని కొలువుదే. కాని తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరొందిన 'విషాద సారంగధర' మన ఊరిది. బళ్లారిలో వకీలుగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) దానిని వ్రాసి, తాము స్థాపించిన సరస వినోదినీ సభ ద్వారా ఆడించారు. బళ్లారి రాఘవ ఆయన మేనల్లుడే.

సవతి తల్లి చిత్రాంగి మోపిన నిందను నమ్మి, కన్న తండ్రే కుమారుని కాలుసేతులు నరికిస్తాడు. పాత కథలో సిద్ధుని కరుణచే అవయవములు తిరిగి వస్తాయి. ఆచార్యులవారు ఆ ఊరట ఇవ్వలేదు. నాటకం మంగళాంతం కావలెనని పండితులు పట్టుబట్టే రోజులలో అది చిన్న సాహసం కాదు.

పిల్లలు బెదరుతారని వార్షికోత్సవాలలో ఆ ముగింపును మార్చేవారున్నారు. నాకది సమ్మతం కాదు. విచారణ లేని తీర్పు మరలిరాదని తెలియడమే గదా అందులోని పాఠం! కొడుకు లేచి నిలుచుంటే తండ్రి తప్పు తేలిపోతుంది. చిత్రాంగి ఘట్టం పదవ తరగతికి తగదంటారా, దానిని విడిచి రాజసభ ఘట్టం ఒక్కటే వేయించండి. పద్యాలు మాత్రం తగ్గించకండి. ఇంట కన్నడం, బడిలో ఇంగ్లీషు నడుమ నలిగే నాలుకకు అవే సాధకం.