శ్రీరాంపూర్‌కు విమానమా, వ్యానా?



సండే స్కూలు రోజుల నుంచి కలిసి పెరిగిన మన సంఘపు స్నేహితులు పన్నెండుగురు ఈ సంక్రాంతి సెలవుల్లో శ్రీరాంపూర్ చూసి రావాలనుకుంటున్నారు. విలియం కేరీ 1793లో ఇంగ్లండు నుంచి ఓడలో ఐదు నెలలు ప్రయాణం చేసి బెంగాల్‌లో దిగారు. తర్వాత ఆయన, తోటి మిషనరీలు కలిసి హుగ్లీ ఒడ్డున ఆ ఊళ్లో నడిపిన ముద్రణాలయంలోనే 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. కాబట్టి ఎందుకు వెళ్లాలన్న ప్రశ్న ఎవరికీ లేదు. విమానంలోనా, వ్యానులోనా అన్న దగ్గరే నెల రోజులుగా మాట తెగడం లేదు. మా అభిప్రాయం అడిగారు గనుక చెబుతున్నాము. (రైలు ఉంది కదా అని పెద్దలు అంటున్నారు. పండగ రోజుల్లో పన్నెండు బెర్తులు ఒకచోట కావాలంటే రిజర్వేషను తెరిచిన ఉదయమే కూర్చోవాలి. ఆ ఉదయం దాటిపోయింది.)

విమానం కావాలన్నవాళ్లు చెప్పేది సమయం గురించి. విశాఖ నుంచి కోల్‌కతాకు ఆకాశంలో గంటన్నర. అయితే రాజమండ్రి పక్కనున్న మన ఊరి నుంచి విశాఖకు నాలుగైదు గంటలు, అక్కడ రెండు గంటల ముందు హాజరు, దమ్‌దమ్‌లో దిగాక బారక్‌పూర్ వెళ్లి పడవలో హుగ్లీ దాటడం, ఇవన్నీ కలిపితే ఒక పూర్తి రోజు. అయినా రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్లు దాటిన ప్రయాణంతో పోలిస్తే అది తక్కువే. ఒప్పుకోవాలి.

కానీ ఒక సంగతి గమనించండి. ఆ పన్నెండుగురిలో ఇద్దరు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఒక తమ్ముడు ఆటో నడుపుతాడు. ఒక చెల్లెమ్మ మిషను కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. విమానం మాట రాగానే ఈ ఇద్దరూ వాట్సాప్ గ్రూపులో మాట్లాడటం మానేశారు. వారం తర్వాత "మాకు ఆ రోజుల్లో పని పడింది, మీరు వెళ్లి రండి" అన్నారు. పల్లెలో పుట్టినవాళ్లకు ఆ మాట అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. "మీ టికెట్లు మేము కడతాం లే" అని ఒకరు వెంటనే అన్నారు. ప్రేమతోనే అన్నారు. అయినా నలుగురి ముందు అన్నారు, అందుకే ఆ ఇద్దరి నోరు ఇంకా మూతపడింది.

అందుచేత వ్యానే మంచిదని మేము అనబోయాము. ఇంతలో వ్యాను వాళ్ల ప్లాను మా చేతికి వచ్చింది. రాత్రి తొమ్మిదికి ప్రార్థన చేసుకుని బయల్దేరడం, ఒక్కడే డ్రైవరు, దారిలో ఎక్కడా బస లేదు, మర్నాడు సాయంత్రానికి కోల్‌కతా. లాడ్జి ఖర్చు మిగులుతుందట! 2022లో మన దేశపు రోడ్ల మీద చనిపోయినవారు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క చెబుతోంది. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు గంటల వరకు మనిషి శరీరం నిద్ర కోసం లాగుతుంది. దానికి తోడు జనవరిలో హైవే మీద పొగమంచు.

"ప్రార్థన చేసుకునే కదా వెళ్తున్నాం" అన్నాడొక తమ్ముడు. త్రోయలో ఐతుకు అనే యువకుడు కిటికీలో కూర్చుని, పౌలు మాట్లాడుతూ ఉండగానే నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. సాక్షాత్తు పౌలు ప్రసంగమే ఆ కుర్రవాడి నిద్రను ఆపలేకపోతే, మన పెన్‌డ్రైవులో పాటలు డ్రైవరు నిద్రను ఆపుతాయా? దేవాలయ శిఖరం మీద నుంచి దూకమని అపవాది చెప్పినప్పుడు ప్రభువు దూకలేదు. డ్రైవరు కునుకు విషయంలోనూ అంతే అని మా నమ్మకం.

అదే త్రోయలో మర్నాడు జరిగింది చాలామంది చదివి దాటేస్తారు. స్నేహితులందరూ ఓడ ఎక్కారు. పౌలు మాత్రం అస్సు వరకు నేల మీదుగా నడిచి వెళ్లాడు. ఎందుకో లూకా రాయలేదు. అస్సులో కలుసుకున్నారు, అక్కడి నుంచి ఒకే ఓడ. దారి వేరైనంత మాత్రాన జట్టు విడిపోలేదు.

కాబట్టి మా మాట ఇది. మోకాలి ఆపరేషను అయిన టీచరమ్మ మూడు రోజులు వ్యానులో కూర్చోలేరు. ఆమె విమానంలో వెళ్లాలి. హైదరాబాద్ తమ్ముళ్లలో ఒకడు ఆమెకు తోడు వెళ్లాలి. విమానం శరీరానికి అవసరమైనవాళ్లకు, వాళ్ల తోడుకు. జేబు బరువును బట్టి కాదు. రెండో హైదరాబాద్ తమ్ముడు వ్యానే ఎక్కాలి, వాడికి కష్టమైనా సరే.

వ్యాను పగలే నడవాలి. మొదటి రోజు తెల్లారాక బయల్దేరి శ్రీకాకుళం, ఇచ్ఛాపురం మీదుగా బరంపురం చేరండి. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు దొరుకుతారు, రాత్రి ఆగడానికి ఇబ్బంది ఉండదు. రెండో రోజు చిలికా సరస్సు పక్కగా వెళ్లి బాలేశ్వర్‌లో ఆగండి. మూడో రోజు శ్రీరాంపూర్. నిజం చెప్పాలంటే పాత స్నేహితులు పది మంది ఇన్ని గంటలు ఫోన్లు పక్కన పెట్టి మాట్లాడుకునే అవకాశం మళ్లీ ఎప్పుడు వస్తుంది? చిలికా దగ్గర ఒక గంట ఎక్కువ కూర్చున్నా మేము తప్పు పట్టము.

బండి పసుపు నంబరు ప్లేటుదే అయి ఉండాలి. బావమరిది తెల్ల బోర్డు బండికి డీజిలు పోయించి, చేతిలో ఎంతో కొంత పెడితే సరిపోతుందనుకోవద్దు. కిరాయికి తిప్పిన సొంత బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు వెనక్కి తగ్గుతారు. వెనక సీట్లలో ఉన్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలి.

డ్రైవర్లు ఇద్దరు కావాలి. లాడ్జిలో వాళ్లకూ గది తీసుకోవాలి. మనం మంచాల మీద పడుకుని, బండి నడిపేవాణ్ణి దోమల మధ్య బండిలోనే పడుకోబెట్టి, పొద్దున్నే మన ప్రాణాలు అతని చేతిలో పెట్టడం మనకు అలవాటైపోయింది. అతని గదీ, అతని భోజనమూ మొదటి ఖర్చుగా రాయండి.

డబ్బు సంగతికి వస్తే, కానుక కవర్లు మన దగ్గర ఉన్నాయి. ఎవరికి చేతనైనంత వారు పెట్టి, పేరు రాయకుండా టీచరమ్మకు ఇవ్వాలి. ఎవరు ఎంత ఇచ్చారన్నది ఆమెకు కూడా తెలియదు. చాలకపోతే ఇంకోసారి కవర్లు తిరుగుతాయి.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత పన్నెండుగురూ మందిరం వరండాలో కూర్చుందాం. ఆటో తమ్ముడూ, మిషను కుట్టే చెల్లెమ్మా రావాలి. వాళ్లిద్దరూ వచ్చేదాకా లెక్క మొదలుపెట్టము.