చేలో చొక్కా ముద్దు, వాడలో నైటీ తప్పా?



కానుపైన ఆడదాని ఒంటి మీది గుడ్డ గురించి ఉద్యమ పత్రికలో రాసే పనేముంది అని కొందరు అన్నలు మొహం చిట్లించుకోవచ్చు. భూమి గురించి రాయండి, కూలి గురించి రాయండి, శ్మశానం దారి గురించి రాయండి అంటారు. రాశాం, రాస్తూనే ఉంటాం. కానీ ఒక్క లెక్క అడుగుతాం, చెప్పండి. పెళ్లికి ముందు జెండా పట్టుకుని ముందు వరుసలో నడిచిన ఆడపిల్లలు, ఇద్దరు బిడ్డల తల్లులైనాక సభకు ఎందుకు రావడం లేదు? కూలి పోతుందని కొందరు, బిడ్డను ఎవరి చేతిలో పెట్టాలో తెలీక కొందరు. ఇవి మీకు తెలిసిన కారణాలు. మీకు చెప్పని కారణం ఇంకొకటుంది. "యాడొచ్చేదక్కా, రైకలు పట్టడం లేదు. చీర కడితే పొట్ట ముందుకొస్తాంది. నైటీతో వస్తే నవ్వుతారు" అని మాతో చెప్పుకుంటారు. పాత గుడ్డ పట్టక, కొత్త గుడ్డ కొనలేక, పట్టే గుడ్డ వేసుకుంటే నవ్వుతారని ఇంట్లో కూర్చున్న మనిషి ఉద్యమానికి నష్టం కాదా? ఇది ఆడవాళ్ల సింగారం ముచ్చట కాదు. ఆత్మగౌరవం ముచ్చట.

గుంతకల్లు చుట్టుపక్కల ఏ చేనికైనా పోయి చూడండి. శనక్కాయలు పీకేటప్పుడు, మిరపకాయలు కోసేటప్పుడు మన ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత ఫుల్‌చొక్కా తొడుక్కుని వంగి ఉంటారు. ఆ చొక్కా ఎండ కాలకుండా కాపాడుతుంది. ఆకూ ముల్లూ గీసుకోకుండా కాపాడుతుంది. పాలిచ్చే తల్లికి రైక తడిసినా కనబడకుండా కాపాడుతుంది. ఆడది మగవాడి చొక్కా తొడిగిందని ఏ ఆసామీ అయినా సంస్కృతి చెడిపోయిందని గుండెలు బాదుకున్నాడా? బాదుకోడు. ఆ చొక్కాతో ఆయన పని జరుగుతుంది గదా! అదే ఆడది సాయంత్రం నైటీ మీద తువ్వాలు కప్పుకుని కుళాయి కాడికి పోనీ, చుడీదారు వేసుకుని గుంతకల్లు బజారుకు పోనీ, అందరికీ ఒక్కసారిగా సంస్కృతి గుర్తొస్తుంది. దీని అర్థమేంది? మన ఒళ్లు వాళ్లకు పని చేసినంతసేపు ఏ గుడ్డైనా ఒకటే. మన ఒళ్లు మన సుఖం చూసుకుంటేనే నేరం!

ఇది మేం ఊహించి రాస్తున్న మాట కాదు. 2018లో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా నిడమర్రు మండలం తోకలపల్లిలో ఊరి పెద్దలు కమిటీ కట్టి ఒక శాసనం చేశారు. పొద్దున 7 నుంచి రాత్రి 7 దాకా ఆడవాళ్లు నైటీ వేసుకుని బయట కనబడకూడదు. కనబడితే 2,000 రూపాయల జరిమానా. పట్టిచ్చిన వాళ్లకు 1,000 రూపాయల బహుమానం! విషయం పత్రికలకెక్కాక అధికారులు ఊరికి పోయి విచారించారు. ఆ కమిటీ వేసిన వాళ్లు పై కులాల దొరలు కారు, వెనుకబడిన కులం పెద్దలేనని పత్రికలు రాశాయి. మనకు నొప్పి కలిగించాల్సింది అదే. మనువు అగ్రహారంలోనే కాపురం ఉండడు. మన పంచాయితీ కట్ట మీద కూడా కూర్చుంటాడు, మన యాసలోనే మాట్లాడతాడు.

పగటి పూట నైటీ ఎవరు వేస్తారు? పసిబిడ్డకు గంటగంటకూ పాలిచ్చే తల్లి వేస్తుంది. కోత పెట్టి బిడ్డను తీసిన గాయం మీద బొందు బిగించలేని తల్లి వేస్తుంది. అనంతపురం ఎండలో నైలాను చీర ఆరు గజాలు చుట్టుకుని పొయ్యి కాడ కూర్చోలేని తల్లి వేస్తుంది. జరిమానా నైటీకి కాదు, తల్లికే పడింది.

మానం కాపాడడానికి కట్టుబాట్లు పెట్టామంటారు పెద్దలు. మానం కాపాడడమంటే ఏందో గుంతకల్లుకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. 1893లో ఇక్కడే రైల్వే గేటు కాసే హంపన్న, ఇద్దరు ఆడవాళ్ల వెంటపడిన తెల్ల సోల్జర్లకు అడ్డం నిలబడి తుపాకీ గుండుకు బలైపోయాడు. ఆయన వెంటపడిన వాళ్లను ఆపాడు గానీ, ఆ ఆడవాళ్లు ఏం కట్టుకున్నారని అడగలేదు. మీది కాని చూపుకు జరిమానా వేయండయ్యా, మాది అయిన గుడ్డకు కాదు!

గుడ్డ మీద పెత్తనం ఈ దేశంలో కొత్తది కాదు. తిరువాన్కూరు రాజ్యంలో శాణార్ ఆడవాళ్లు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దాదాపు అర్ధ శతాబ్దం దెబ్బలు తిన్నారు. బజార్లలో వాళ్ల రైకలు చించేశారు. చివరికి 1859 జూలై 26న రాజు ప్రకటన చేస్తూ కూడా ఒక మెలిక పెట్టాడు. కప్పుకోండి, కానీ పై కులాల ఆడవాళ్ల మాదిరి కాదు అన్నాడు! చూశారా, గుడ్డ ఇచ్చినప్పుడు కూడా కులం గుర్తు ఉండి తీరాలి. ఇక్కడ మన అవ్వల కాలం మాత్రం తక్కువా? రైక లేని ఒళ్లు, మోకాలి పైకి కట్టు, ఊళ్లోకి పోతే చెప్పులు చేతిలోకి. ఎండకు కాలేది మన కాళ్లైనా గౌరవం పోయేది వాళ్లది! మన ఆడవాళ్లను గుడ్డలూడదీసి ఊరేగించడం ఎంత జరగకపోతే 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో ఆ నేరాన్ని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది? నిన్న కప్పుకుంటే తప్పన్నారు. ఈ రోజు సరిగ్గా కప్పుకోలేదని తప్పంటున్నారు. మాట మారింది గానీ బెత్తం మారలేదు.

ఇక్కడ కొందరు అన్నలు బాబాసాహెబును అడ్డం పెట్టుకుంటారు. ఆడవాళ్లు నిండుగా చీర కట్టుకోవాలని ఆయనే చెప్పాడు గదా అంటారు. నిజమే, చెప్పాడు. 1927 డిసెంబరులో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన సభలప్పుడే మన ఆడవాళ్లతో మాట్లాడాడు. మీ చీర కట్టు, మీ వెండి కడియాలు మీరు అంటరానివాళ్లని దూరం నుంచే చాటుతున్నాయి, ఆ గుర్తులు తీసి పారేయండి అన్నాడు. గుడ్డ పాతదైనా శుభ్రంగా ఉండాలన్నాడు. ఆ ఆడవాళ్లు అక్కడికక్కడే చీర కట్టు మార్చుకున్నారని ఉద్యమ చరిత్ర చెబుతుంది. మరి ఆయన చెప్పిందేంది? బానిస గుర్తు తీసేయమని చెప్పాడు. ఒక గుర్తు తీసి ఇంకో గుర్తు తగిలించుకోమని చెప్పలేదు. ఆనాడు పొడుగు చీర కట్టడం ధిక్కారం. ఈనాడు బిడ్డతల్లి తనకు సుఖమైన గుడ్డ వేసుకుని తలెత్తుకుని వీధిలో నడవడం అదే ధిక్కారం. చీర కట్టుకుంటామంటే హాయిగా కట్టుకోండి. చీర మీద మాకు కోపం లేదు. కట్టుకుని తీరాలనే మాట మీదే కోపం.

ఇంక ఒంటి సంగతి. సిగ్గు పడాల్సిందేమీ లేదు, తెలుసుకుందాం. గర్భసంచి ముందటి సైజుకు రావడానికే ఆరు వారాలు పడుతుంది. బిడ్డకు చోటివ్వడానికి పొట్ట కండలు మధ్యలో విడిపోతాయి. కొందరికి అవి నెలల తరబడి దగ్గరకు రావు. రొమ్ములు పాలతో బరువెక్కుతాయి, పాలు మాన్పినాక జారుతాయి. కొందరికి పాదాలు కూడా సాగి పాత చెప్పులు పట్టవు. ఇది ఒళ్లు చెడిపోవడమా? ఒక మనిషిని తయారు చేసిన ఒళ్లయ్యా ఇది! కొడుకు పుట్టాడని వీధంతా చక్కెర పంచి, ఆ కొడుకును మోసిన పొట్టను పీపా అని, బాన అని వెక్కిరించడానికి నోరెట్లా వస్తుంది?

దీని మీద కత్తి గాట్లు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కానుపులు కోత కానుపులే. పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువ. పెళ్లైన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారు. మరి మగవాళ్లు? నూటికి ఒక్కడు కూడా లేడు! కనడం మేమే, కోయించుకోవడం మేమే, ఆ కోత మీద బొందు బిగించి సన్నగా కనబడాల్సిందీ మేమేనా?

బొందు అంటే ఆషామాషీ కాదు. 2024లో మహారాష్ట్ర వార్ధా, బీహారు మధుబని డాక్టర్లు ఇద్దరు ముసలి ఆడవాళ్ల గురించి ఒక వైద్య పత్రికలో రాశారు. ఏండ్ల తరబడి చీరో పావడో నడుం మీద ఒకే చోట బిగించి కట్టి, ఒరుసుకుని పుండై, అది మానక క్యాన్సరు పుండుగా మారింది. ఇది అరుదైన జబ్బు, అందరికీ వస్తుందని భయపెట్టడం లేదు. కానీ నడుం చుట్టూ నల్లగా కాయలు కాసిన గీత మన ఆడవాళ్లలో ఎంతమందికి లేదు? దాన్ని ఎవరైనా జబ్బుగా లెక్క పెట్టారా? ఒరుసుకుపోతున్నా నోరు మూసుకుని కట్టుకోవడమే పద్ధతి అని నేర్పారు.

ఒక పక్క ఊరి పెద్దల బెత్తం, ఇంకో పక్క వ్యాపారి వల. కానుపైన రెండు నెలలకే సన్నజాజి తీగలా తయారైన సినిమా నటిని సెల్‌ఫోనులో చూపిస్తారు. ఆమెకు వంటమనిషి, ఆయా, వ్యాయామం నేర్పేవాడు ఉన్నారని చూపించరు. పొట్ట తగ్గించే బెల్టు కొనండి, పొడి కొనండి అంటారు. పూట కూలికి పోయే తల్లి పాలకు, పప్పుకు పెట్టాల్సిన దుడ్డు బెల్టుకు పోతుంది. ఒకడు ఒళ్లు దాచుకోమంటాడు, ఇంకొకడు ఒళ్లు మార్చుకోమంటాడు. ఇద్దరూ కలిసి చెప్పేది ఒక్కటే: నీ ఒళ్లు తప్పు!

తల్లులందరికీ ఒకటే న్యాయమూ లేదు. సర్కారు బడిలో పాఠాలు చెప్పే మాకు కానుపుకు నెలల తరబడి జీతంతో సెలవుంది. 1961 ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి కంపెనీల్లో 26 వారాలు చేశారు. చేలో కలుపు తీసే తల్లికి ఎన్ని వారాలు? 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి, బాలింతకు 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో వచ్చిన మాతృ వందన పథకం మొదటి బిడ్డకు 5,000 అని కత్తిరించింది. తర్వాత రెండో బిడ్డ ఆడపిల్లైతే 6,000 అని కలిపారు. 1928లోనే బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లును బలపరుస్తూ, కానుపుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలని అంబేద్కర్ వాదించాడు. దాదాపు నూరేళ్లాయె. మన కూలి తల్లి ఇంకా పచ్చి ఒంటితోనే చేనికి పోతాంది. విశ్రాంతి ఇవ్వని వాళ్లకు వేషం గురించి మాట్లాడే హక్కు ఎక్కడిది?

తిట్టి ఊరుకుంటే లాభం లేదు. వాడవాడలో ఈ పనులు చేద్దాం.

1. ఆడవాళ్ల గుడ్డల మీద పంచాయితీ, జరిమానా, వెక్కిరింత మా వాడలో ఉండవని సంఘం తీర్మానం చేయాలి. వేసుకునే గుడ్డ కూడా మనిషి భావప్రకటనలో భాగమేనని 2014లో ట్రాన్స్‌జెండర్ల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ ఊరి కమిటీకీ దాని మీద అధికారం లేదు.

2. సభ జరిగిన చోట బిడ్డతల్లులకు ముందు వరుసలో చోటు, నీడ, మంచినీళ్లు ఉండాలి. ఏ గుడ్డతో వచ్చినా అక్కా రా, కూర్చో అనాలి. సభలో పాలిస్తే తల తిప్పుకోవాల్సిన పని లేదు, తేరిపార చూడాల్సిన పని అంతకన్నా లేదు.

3. రైక కుట్టించేటప్పుడు రెండు పక్కలా కుట్టు లోపల ఒకటిన్నర అంగుళం గుడ్డ వదలమని చెప్పండి. ఒళ్లు పెరిగితే విప్పుకోవచ్చు, తగ్గితే పట్టుకోవచ్చు. హుక్కులు ముందు పక్కే పెట్టించుకోండి. మన వాడలో మిషను కుట్టే చెల్లెళ్లు ఈ పని చేస్తే వాళ్లకూ నాలుగు రూపాయలు వస్తాయి.

4. పావడకు సన్నబొందు బదులు వెడల్పు పట్టీ వేయించండి. వదులుగా కట్టండి, రోజూ ఒకే చోట కట్టకండి. నడుం మీద పుండు మూడు వారాలకూ మానకపోతే పెద్దాసుపత్రిలో చూపించుకోండి.

5. బిడ్డకు పేరు పెట్టే పండగకు అప్పు తెచ్చి అన్నం పెట్టే అన్నలారా! ముందు ఆ తల్లికి రెండు జతల వదులైన నూలు బట్టలు కొనండి. పట్టని పాత రైకలు ఎప్పుడో పడతాయని పెట్టెలో దాచుకుని ఏడవడం కన్నా, పట్టే వాళ్లకు ఇచ్చేయడం మేలు.

6. పనికాడ నీడ, బిడ్డలను చూసుకునే మనిషి ఉండాలని పట్టుబట్టాలి. 2006 ఫిబ్రవరి 2న మన జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ చట్టం, ఆరేళ్లలోపు బిడ్డలు అయిదుగురుంటే ఒక ఆడమనిషిని వాళ్లను చూసుకోవడానికే పెట్టాలని రాసింది. మనం అడగక అది కాగితంలోనే మిగిలింది. ఏ పథకం వచ్చినా, ఏ పేరు మార్చినా అడగడం మానొద్దు.

అక్కలారా! పొట్ట తగ్గినాక వస్తాం, మంచి చీర కొన్నాక వస్తాం అని ఆగొద్దు. ఒళ్లు ఎట్లుందో అట్లే రండి. చీరతో రండి, చుడీదారుతో రండి, నైటీ మీద తువ్వాలు కప్పుకుని రండి, చేలోంచి చొక్కాతోనే రండి. బిడ్డను చంకనెత్తుకుని రండి. నవ్వే వాళ్లు నవ్వనీ. వాళ్లను కన్నదీ ఇట్లాంటి ఒళ్లే!

జై భీం!