వదంతికి ప్రమాణమేమి?

రాబోవు వీడియో గేములోని విశేషములు ముందే బయటపడినవని వార్త పుట్టగానే, అది ఎచ్చటనుండి వచ్చినదని విచారింపక, తాము కోరుకొన్నది అందున్నదా లేదా యని మాత్రమే చూచుట అభిమానులలో ప్రబలిన దౌర్బల్యము. 2018 అక్టోబరులో, నింటెండో వారి 'సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్' విడుదలకు ముందు, ఒక ఛాయాచిత్రము వెలువడినది: గ్రించ్ చలనచిత్రపు ప్రచారపటముల చెంత ఆ గేముదిగా తోచు మరియొక పటము, అందు అభిమానులు చిరకాలముగా ఆశించుచుండిన బాంజో, జీనో మొదలగు పాత్రలు. ఆ సినిమా నిజము గనుక ప్రక్కనున్నదియు నిజమే కావలెనని పలువురు విశ్వసించిరి. నవంబరు 1న సంస్థ తుది పాత్రలను ప్రకటించినపుడు ఆ పటమునందలి పాత్రలలో కెన్ ఒక్కడే సరిపోయెను. పటమున జాడయే లేని ఇన్సినెరోర్ అను పాత్ర ప్రత్యక్షమయ్యెను. గేములో ముందే యున్న ర్యూకు జోడీయగు కెన్ వచ్చునని ఎవరైనను ఊహింపగలరు. ఊహకందనిది నెరవేరినపుడు గదా సాక్షికి విలువ!

ఇందుకు విరుద్ధముగా, 2022 సెప్టెంబరులో 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో' తరువాతి భాగపు దృశ్యఖండములు సుమారు 90 బయటపడినపుడు, అసంపూర్ణములైన ఆకృతులను, నిర్మాతలు పరీక్షార్థము తెరపై వేసికొన్న అక్షరములను చూచి బూటకమనినవారు కలరు. కాని అంత విస్తారమైన మొరటుదనమును కల్పించుట దుస్సాధ్యమగుటచే అదియే సత్యమునకు గుర్తు. మరునాడే ఆ గేమును నిర్మించు రాక్‌స్టార్ సంస్థ అంగీకరించినది. అయినను అవి అపహృతములు. నిజమని తేలినంత మాత్రమున వానిని పంచుకొనుట న్యాయము కానేరదు. ఏండ్ల తరబడి శ్రమించుచున్న కళాకారుల చిత్తుప్రతిని చూచి, బొమ్మలు బాగులేవని నాడు దూషించినవారిని తలచినపుడెల్ల నాకు బాధ కలుగుచునే యున్నది.